చివరి 4 నెలలు ఏం మేసింది? గడ్డి మేసిన బీఫ్ మీద పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో చిన్న కుటుంబ ఫారాల దగ్గర నేరుగా బీఫ్ కొనేవాళ్లు, కొందామా అని ఆలోచిస్తున్నవాళ్లు రాసిన ప్రశ్నలే ఈసారి ఎక్కువ. ఒకే తీరువి కలిపేశాం. చివరి రెండు మాత్రం వేరే దారివి.

*

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. గంట దూరంలో ఒక ఫారం వాళ్లు "ఆర్గానిక్, గ్రాస్‌ఫెడ్, ఫ్యామిలీ ఫారం" అని బోర్డు పెట్టారు. ధర దుకాణం కంటే బాగా ఎక్కువ. దేన్ని నమ్మాలి? రుజువు ఎక్కడ చూడాలి?

జవాబు: మూడు మాటలకూ మూడు వేర్వేరు రుజువులు కావాలి. "ఫ్యామిలీ ఫారం" అంటే ఇంటివాళ్లు నడుపుతున్నారని అర్థం, అంతే. పశువు ఏం తిన్నదో ఆ మాట చెప్పదు.

"ఆర్గానిక్" అన్నదానికి చట్టం ఉంది. పచ్చిక నేల మీద మూడేళ్లుగా నిషిద్ధ ఎరువులు, మందులు పడి ఉండకూడదు. దూడ తల్లి కడుపులో ఉన్న చివరి మూడో వంతు కాలం నుంచే ఆర్గానిక్ పోషణలో ఉండాలి. అంటే సంతలో మామూలు దూడను కొని, ఏడాదిపాటు ఆర్గానిక్ గడ్డి మేపినా అది ఆర్గానిక్ బీఫ్ కాదు. ఈ ఒక్క ప్రశ్న అడగండి: "దూడలు మీ దగ్గరే పుట్టాయా, కొన్నవా? కొన్నవైతే ఎవరి దగ్గర?"

కాగితం చూడటం సులువే. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) వారి "ఆర్గానిక్ ఇంటెగ్రిటీ డేటాబేస్" ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఫారం పేరు కొడితే ధ్రువీకరణ అమల్లో ఉందా, వదులుకున్నారా, సస్పెండ్ అయిందా తెలుస్తుంది. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఇంకో గడి కిందికి వెళ్లి, ధ్రువీకరణ దేనికో చూడండి. "పంటలు" అని మాత్రమే ఉంటే నేల, ఎండుగడ్డి ఆర్గానిక్, పశువులు కావు. "పశుపోషణ" అని కూడా ఉండాలి. ఆ పైన, మాంసం పొట్లం మీద ఆర్గానిక్ అని రాయాలంటే కబేళాకు కూడా ఆర్గానిక్ ధ్రువీకరణ ఉండాలి. చిన్న ఫారాలు తట్టుకోలేకపోయేది ఇక్కడే. దగ్గరలో అలాంటి కబేళా దొరకదు. అందువల్ల నేల, పశువు రెండూ ఆర్గానిక్ అయినా మాంసం మీద ముద్ర లేని ఫారాలు ఉంటాయి. యజమాని ఈ సంగతి తనంతట తానే విడమరిచి చెబితే మంచి గుర్తు. ఏడాదికి 5,000 డాలర్లకు మించని ఆర్గానిక్ అమ్మకాలున్నవారికి ధ్రువీకరణ తప్పనిసరి కాదు. నియమాలు పాటించాలి, యూఎస్‌డీఏ ముద్ర మాత్రం వాడకూడదు.

ఇక అసలు తిరకాసు. ఆర్గానిక్ అయినంత మాత్రాన గడ్డి మేసిందని కాదు. 2010లో వచ్చిన పచ్చిక నిబంధన ప్రకారం మేత కాలంలో కనీసం 120 రోజులు బయట మేయాలి, ఆ కాలంలో తినే పొడి మేతలో (అంటే తేమ తీసేసి లెక్కేసిన మేత బరువులో) సగటున 30 శాతం పచ్చిక నుంచి రావాలి. మిగతాది ఆర్గానిక్ మొక్కజొన్న కావచ్చు. కోతకు ముందు బలిపించే దశలో, అంటే గరిష్ఠంగా 120 రోజులు లేదా పశువు ఆయుష్షులో ఐదో వంతు (ఏది తక్కువైతే అది), ఆ 30 శాతం నియమానికి కూడా సడలింపు ఉంది.

"గ్రాస్‌ఫెడ్"కు యూఎస్‌డీఏ మార్కెటింగ్ విభాగం రాసిన ప్రమాణం ఒకటి ఉండేది. 2016 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు లేబుల్‌కు అనుమతి ఫారం పంపిన కాగితాల మీద ఆధారపడి ఇస్తారు. బయటివాళ్లు వచ్చి తనిఖీ చేసేది అమెరికన్ గ్రాస్‌ఫెడ్ అసోసియేషన్, ఎ గ్రీనర్ వరల్డ్ లాంటి సంస్థల ముద్రలున్న చోట. ముద్ర లేదని ఫారాన్ని కొట్టిపారేయనక్కర్లేదు గానీ, అప్పుడు తనిఖీ చేయాల్సింది మీరే.

"గడ్డి మేస్తాయా?" అని అడగకండి. ప్రతి ఆవూ ఎప్పుడో ఒకప్పుడు గడ్డి మేస్తుంది, కాబట్టి అవుననే జవాబు అబద్ధం కాదు. "చివరి 4 నెలలు ఏం మేసింది? చలికాలంలో ఏం వేశారు?" అని అడగండి. మేత పేర్లు పేరుపేరునా చదవండి: మొక్కజొన్న, బార్లీ, సోయా పొట్టు, బీట్ పిప్పి, బీరు కంపెనీ పిప్పి. "దాణా వేయం" అనేవాళ్లలో కొందరు పిప్పిని దాణా కింద లెక్కేయరు. ఎండుగడ్డి, పాతర గడ్డి, గింజ పట్టక ముందు మేసిన ఓట్స్ పైరు ఇవన్నీ గడ్డి కిందికే వస్తాయి.

*

ప్రశ్న: మిస్సోరీలో ఒక ఫారం చూడటానికి వెళ్తున్నాం. మాకు పశువుల గురించి పెద్దగా తెలియదు. ఏం చూడాలి?

జవాబు: జులై, ఆగస్టు నెలల్లో గానీ, ఫిబ్రవరిలో గానీ వెళ్లండి. మే నెలలో ఏ ఫారమైనా అందంగానే ఉంటుంది.

ముందు నేల. పశువులు ఇప్పుడే వదిలిన మడిలో గడ్డి ఎంత మిగిలిందో చూడండి. ఫెస్క్యూ, ఆర్చర్డ్ గడ్డి లాంటి చలికాలపు జాతులైతే 3, 4 అంగుళాలు మిగలాలి. మళ్లీ 8 నుంచి 10 అంగుళాలు పెరిగాక పశువుల్ని దించాలి. బొటనవేలంత ఎత్తులో నేలకంటా కొరికేసి, మధ్యమధ్యలో ముళ్లమొక్కలు మాత్రం నిటారుగా నిలబడి ఉంటే పశువులు ఎక్కువ, నేల తక్కువ. అలాంటి చోట పశువు నేలకు దగ్గరగా మేస్తుంది కాబట్టి నట్టలు ఎక్కువ పడతాయి. ఆర్గానిక్ ఫారంలో ఇది మామూలు ఇబ్బంది కాదు: మాంసానికి అమ్మే పశువుకు రసాయన నట్టల మందు తాగిస్తే అది ఆర్గానిక్ కింద పోదు. యాంటీబయాటిక్ కూడా అంతే. జబ్బు చేసిన పశువుకు ఆర్గానిక్ ముద్ర పోతుందని వైద్యం ఆపడం కూడా నిబంధనలకు విరుద్ధమే. కాబట్టి "పోయినేడు ఎన్నింటికి మందు వేయాల్సొచ్చింది, వాటిని ఎక్కడ అమ్మారు?" అని అడగండి. "మా దగ్గర ఏ పశువూ జబ్బు పడదు" అనే జవాబు కంటే "రెండింటికి వేశాం, సంతలో అమ్మేశాం" అనే జవాబు నమ్మదగ్గది.

మిస్సోరీలో మీకు ప్రత్యేకంగా చూడాల్సింది ఫెస్క్యూ. అక్కడి నుంచి కెంటకీ, టెనెసీ మీదుగా తూర్పుకి పరుచుకున్న నేలల్లో కెంటకీ-31 అనే ఫెస్క్యూ రకం విపరీతంగా ఉంది. ఆ గడ్డి లోపల ఒక బూజు బతుకుతుంది. దాని విషం వల్ల పశువు రక్తనాళాలు కుంచించుకుపోయి ఒంట్లో వేడి బయటికి పోదు. ఎండాకాలం నడిమధ్యలో కూడా చలికాలపు జూలు రాలకుండా చింపిరిగా ఉండటం, మంద మొత్తం చెరువులో దిగి నిలబడటం, తోక కుచ్చు ఊడిపోవడం, చలికాలంలో గిట్టల దగ్గర కుంటడం దాని గుర్తులు. అలాంటి పశువు ఎంత మేసినా ఒళ్లు చేయదు, మాంసం బక్కగా వస్తుంది. తెలిసిన రైతు ఆ గడ్డిలో క్లోవర్ అనే పప్పుజాతి పచ్చిక కలిపి చల్లుతాడు, ఎండాకాలానికి వేరే జాతి గడ్డి మడి ఒకటి ఉంచుకుంటాడు. క్లోవర్ మరీ మితిమీరి సగం దాటితే కడుపు ఉబ్బరం ముప్పు. అదెలా ఆపుతారో కూడా అడగండి. ఖాళీ కడుపుతో, మంచు తడి ఆరకుండా ఆ మడిలోకి దించం అన్నారంటే పని తెలిసినవాళ్లే.

పేడ చూడటానికి మొహమాటపడకండి. గడ్డి మేసిన పశువు పేడ గుండ్రంగా, వలయాలు వలయాలుగా పడుతుంది. అందులో పగిలిన మొక్కజొన్న గింజలు కనబడితే ఇక మాటలెందుకు! బాగా గట్టిగా దొంతరలా పడితే మేతలో మాంసకృత్తులు చాలట్లేదు, ఎండిన గడ్డే దిక్కయిందని. వసంతంలో లేత గడ్డికి పల్చబడటం మామూలే.

తర్వాత కోతకు సిద్ధమన్న పశువును చూపించమనండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండకూడదు. తోక కుదురుకు రెండు పక్కలా, గంగడోలు కింద రొమ్ము దగ్గర కొవ్వు మెత్తగా నిండి ఉండాలి. గడ్డితోనే బలిసిన పశువుకు సాధారణంగా 20 నుంచి 28 నెలలు పడుతుంది. 15, 16 నెలలకే కోసేస్తున్నారంటే ఒకటి, దాణా వేస్తున్నారు. లేదా రెండు, బలవకుండానే కోస్తున్నారు. 30 నెలలు దాటితే ఇంకో చిక్కు: పిచ్చి ఆవు వ్యాధి నియమాల కింద వెన్నెముక ఎముకను తీసేయాలి, ఎముకతో కూడిన టీ-బోన్ లాంటి ముక్కలు రావు. కబేళాలో వయసు చెప్పే కాగితం లేకపోతే పళ్లు చూస్తారు. మన సంతల్లో "రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె" అన్న లెక్కే. రెండో జత శాశ్వత పళ్లు మొలిస్తే 30 నెలలు దాటినట్టు.

ఇంటికొచ్చాక ఒక లెక్క వేయండి. 1,000 పౌండ్ల పశువు రోజుకు సుమారు 26 పౌండ్ల పొడి మేత తింటుంది. వాళ్ల ఎకరాలు, మంద తలలు, ఏటా కొనే ఎండుగడ్డి చుట్టలు, ఏటా అమ్మే పశువులు రాసుకోండి. 40 ఎకరాల ఫారం వారం వారం మూడు సంతల్లో ఏడాది పొడవునా మాంసం అమ్ముతుంటే, ఆ మాంసంలో కొంత వేరే చోట పుట్టి పెరిగింది. పక్క రైతు దగ్గర కొని అమ్మడం తప్పేమీ కాదు, దాచడం తప్పు.

*

ప్రశ్న: పావు పశువు వాటా తీసుకుంటే "హ్యాంగింగ్ వెయిట్ పౌండ్ 6 డాలర్లు" అన్నారు. చేతికి వచ్చేసరికి లెక్క తేలలేదు. మోసమా?

జవాబు: చాలావరకు మోసం కాదు, తూకం ఎక్కడ వేశారన్నదే తేడా. బతికున్నప్పుడు 1,100 పౌండ్లున్న గడ్డి పశువు తల, తోలు, పొట్ట తీశాక సుమారు 55 శాతం, అంటే 605 పౌండ్లు తూగుతుంది. అదే వేలాడదీసిన తూకం. దాన్ని కోసి, ఎముక కొంత తీసి, తేమ ఆరిపోయాక 65 శాతం చేతికొస్తుంది: 393 పౌండ్లు. మీ పావు వాటాకు వేలాడే తూకం 151, చేతికి వచ్చేది 98.

151ని 6తో గుణిస్తే 906 డాలర్లు. కోత కూలి పౌండుకు 1.20 అనుకుంటే 181. వధ రుసుములో మీ వాటా 25 అనుకుందాం. మొత్తం 1,112. 98తో భాగిస్తే పౌండు 11.35 పడింది. ఈ ధరలు ఉదాహరణకే, మీ బిల్లు అంకెలు పెట్టి చూసుకోండి. ఎముకంతా తీసేయమంటే చేతికొచ్చే తూకం 60 శాతానికో, ఇంకా కిందికో దిగుతుంది, పౌండు ధర పెరుగుతుంది. రెండు ఫారాల్ని పోల్చేటప్పుడు ఈ చివరి అంకెనే పోల్చండి. అందులోనూ దగ్గర దగ్గర 40 శాతం కైమాయే ఉంటుంది. స్టీకులు బొత్తిగా కొన్నే.

పావుకు 5 ఘనపుటడుగుల ఫ్రీజర్ సరిపోతుంది. ఒక ఘనపుటడుగులో 35 నుంచి 40 పౌండ్లు పడతాయి.

ఏ ముక్క ఎలా కోయాలో రాసే కోత కాగితం ఇచ్చినప్పుడు మన వంటకు తగ్గట్టు రాయండి. పిక్క ఎముకతో అడ్డంగా చక్రాల్లా కోయమనండి, నల్లి బొక్కతో పులుసుకు దాన్ని మించింది లేదు. మెడ, భుజం అంగుళం ముక్కలు. కార్జం, గుండె, నాలుక, తోక కావాలని విడిగా రాయాలి, రాయకపోతే పోతాయి. బోటీ శుభ్రం చేసే ఏర్పాటు చాలా చిన్న కబేళాల్లో ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

*

ప్రశ్న: గడ్డి బీఫ్ అని కొన్నాం. కొవ్వు పసుపు రంగులో ఉంది, మాంసం తోలులా సాగింది. పాతదా?

జవాబు: పసుపు కొవ్వు పచ్చిగడ్డిలోని బీటా కెరోటిన్ వల్ల. అది దోషం కాదు. అలాగని పూర్తి రుజువూ కాదు. ముసలి పాడి ఆవుకూ, జెర్సీ జాతికీ కొవ్వు పసుపే.

సాగడానికి కారణాలు వేరు. పశువు బలవకుండా కోసి ఉండొచ్చు. లేదా కబేళా గదిలో తేడా వచ్చి ఉండొచ్చు. పైన కొవ్వు పొర పల్చగా ఉన్న కళేబరాన్ని వెంటనే గట్టి చలిలో పెడితే కండ ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. ఆ బిగుతు మళ్లీ వదలదు. దాణా పశువులకు అలవాటైన కబేళాలు గడ్డి పశువునూ అదే చలిలో పెట్టేస్తాయి. "ఎన్ని రోజులు ఆరబెట్టారు?" అని అడగండి. 10 నుంచి 14 రోజులు మామూలు. 3 వారాలు దాటితే పల్చటి కొవ్వున్న కళేబరం ఎండి, పైపొర చెక్కి పారేయాల్సొస్తుంది. మాంసం మరీ నల్లగా, జిగటగా ఉంటే కోతకు ముందు పశువు బెదిరిందని అనుమానించాలి.

మూడోది మన పొయ్యి. కొవ్వు తక్కువ కాబట్టి స్టీకు త్వరగా ఉడుకుతుంది, మామూలు సమయం పెడితే ఎండిపోతుంది. స్టీకుకు లోపల 145 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చాక 3 నిమిషాలు ఆగితే చాలు. కైమాకు మాత్రం 160 రావాల్సిందే. ఈ. కోలై అనే జబ్బు క్రిమి గడ్డి పశువులోనూ ఉంటుంది, "గడ్డి మేసింది కదా" అని తగ్గించకండి. ఒంటికి మేలంటారే, ఆ ఒమేగా-3 కొవ్వు దాణా బీఫ్ కంటే ఎక్కువే గానీ, చేపతో పోలిస్తే చాలా తక్కువ. ఆ ఒక్కదాని కోసమే డబ్బు పెట్టేవాళ్లు చేప కొనుక్కోవచ్చు.

*

ప్రశ్న: మా పొట్లాల మీద "నాట్ ఫర్ సేల్" అని ముద్ర ఉంది. నలుగురు స్నేహితులకు అమ్మొచ్చా?

జవాబు: అమ్మకూడదు. అది తనిఖీ మినహాయింపు ఉన్న కబేళాలో కోసినది. పశువు యజమాని, ఇంటివాళ్లు, డబ్బివ్వని అతిథులు, పనివాళ్లు మాత్రమే తినాలి. నలుగురూ కలవాలనుకుంటే కోతకు ముందే, పశువు బతికుండగానే నలుగురి పేర్లా వాటాలు రాయించుకోండి. విడి పొట్లాలు అమ్మే ఫారమైతే తనిఖీ ముద్ర ఉండాలి. ఫెడరల్ ముద్రలో కబేళా నంబరు ఉంటుంది. రాష్ట్ర తనిఖీ ముద్రయితే సాధారణంగా ఆ రాష్ట్రంలోనే అమ్మాలి.

*

ప్రశ్న: స్నేహితులం ఐదుగురం కలిసి టెక్సస్‌లో 60 ఎకరాలు తీసుకుని గ్రాస్‌ఫెడ్ బీఫ్ ఫారం నడిపిద్దామని. పన్ను కూడా తగ్గుతుందంటున్నారు. ఎలా అంచనా వేయాలి?

జవాబు: ముందు గడ్డి లెక్క. ఎకరానికి ఏటా 4,000 పౌండ్ల పొడి గడ్డి పండుతుందనుకుందాం. అందులో సగం నేల మీద వదలాలి, మిగతా సగంలో సగం తొక్కుడుకూ పురుగులకూ పోతుంది. పశువు నోటికి చేరేది పావు వంతు. 60 ఎకరాలకు 60,000 పౌండ్లు. 1,000 పౌండ్ల పశువుకు ఏడాదికి 9,490 పౌండ్లు కావాలి. అంటే ఆరు తలలు!

ఆవు, దాని దూడ, పోయినేటి దూడ కలిపితే దాదాపు రెండు తలల మేత. కాబట్టి మీ నేల మోసేది మూడు ఆవుల్ని. ఏడాదికి అమ్మకానికి వచ్చేది మహా అయితే మూడు పశువులు. ఐదుగురు స్నేహితుల ఇళ్లకు సరిపోతుందేమో, వ్యాపారం కాదు. ఎండుగడ్డి కొని తలలు పెంచొచ్చు గానీ, ఆర్గానిక్ ఎండుగడ్డి కరువు ఏడాదిలో దొరికే ధరకు ఆ లాభం ఆవిరవుతుంది. వాన తక్కువ ఉన్న పశ్చిమ టెక్సస్‌లో ఒక్క ఆవుకే 20, 30 ఎకరాలు కావాలి.

డబ్బు తిరిగే వేగం కూడా చూడండి. ఇవాళ ఆవును కట్టిస్తే 9 నెలలకు ఈత, ఆపైన రెండేళ్లకు కోత. మూడేళ్ల దాకా రాబడి సున్నా. కబేళా తేదీలు నెలల ముందే నిండిపోతాయి, దూడ పుట్టినప్పుడే తేదీ తీసుకునేవాళ్లున్నారు. అమ్మకంలో స్టీకులు మొదటి వారంలోనే పోతాయి, కైమా, రౌండ్ (వెనక తొడ) ముక్కలు ఫ్రీజర్‌లో పేరుకుంటాయి. నడుస్తున్న ఫారం కొంటుంటే ఖాతా పుస్తకం కంటే ముందు ఆ ఫ్రీజర్ తెరిపించండి.

పన్ను మాటకొస్తే, టెక్సస్‌లో వ్యవసాయ విలువ లెక్కింపుకు (నేలకు మార్కెట్ ధర మీద కాక సాగు విలువ మీద పన్ను వేయడానికి) గత 7 ఏళ్లలో 5 ఏళ్లు నేల సాగులో ఉండాలి. తర్వాత ఆ నేలలో ఇళ్లు లేపితే గత 3 ఏళ్ల తేడా పన్ను వెనక్కి కట్టాలి. ప్లాట్లు చేయడమే అసలు ఉద్దేశమైతే ఆవుల్ని ఇబ్బంది పెట్టకండి.

ఇంకొకటి: ఆ నేలలో జాన్సన్ గడ్డి ఎంతుందో చూడండి. కరువులోనూ, మొదటి మంచు పడ్డాకా అందులో సయనైడ్ విషం పుడుతుంది, గంటల్లో పశువు పడిపోతుంది. జీతగాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

*

ప్రశ్న: గుంటూరు జిల్లా. మన దగ్గర ఇలాంటి ఫారాలు పెట్టొచ్చా?

జవాబు: రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఉంది. ఆవు, దూడ వధ నిషేధం. ఎద్దు, బర్రె, దున్నలకు వధకు తగినదన్న ధ్రువపత్రం కావాలి. కాబట్టి మాంసం కోసమే లేత పశువును పెంచే అమెరికా పద్ధతి ఇక్కడికి సరిపడదు. మేసి పెరిగిన మాంసమే కావాలంటే నెల్లూరు, దక్కనీ గొర్రెలు ఉండనే ఉన్నాయి. కోతల తర్వాత పొలాల్లో మేసే మందలకు ఎవరూ ముద్ర వేయలేదంతే. ఆ పొలాల్లో ఏం మందులు కొట్టారో మాత్రం అడగాలి. పత్తి చేలో మేసిన మందను ఆర్గానిక్ అనలేం.

*

ప్రశ్న: మా అమ్మమ్మ ఎండు తునకలు చేసేది. న్యూజెర్సీలో ఎండ చాలదు. గడ్డి బీఫ్‌తో చేయొచ్చా, ఏ ముక్క కొనాలి?

జవాబు: తునకలకు కొవ్వు శత్రువు, ఎండినా కొవ్వు కారువాసన వస్తుంది. అందుకని గడ్డి బీఫ్ దీనికి బాగా కుదురుతుంది. అమ్ముడుపోక ఫ్రీజర్‌లో మిగిలే "ఐ ఆఫ్ రౌండ్" అనే వెనక తొడ ముక్క అడగండి, తక్కువ ధరకిస్తారు. సగం గడ్డకట్టిన ముక్కను కండ పోగు వెంబడి పావు అంగుళం మందంలో పొడుగ్గా కోయండి. ఉప్పు, పసుపు పట్టించి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. ఆరబెట్టే ముందే ముక్కలు లోపల 160 డిగ్రీలు (ఇక్కడ అన్నీ ఫారన్‌హీటే) చేరేలా ఆవిరి మీదో, ఓవెన్‌లోనో వేడిచేయాలి. తడి ఆరిపోయిన మాంసంలో క్రిములు వేడిని తట్టుకోవడం నేర్చుకుంటాయి, తర్వాత చంపడం కష్టం. ఆపైన డీహైడ్రేటర్‌లో 140 డిగ్రీల దగ్గర, వంచితే చిట్లాలి గానీ రెండుగా విరగకూడదు అన్నంతవరకు ఆరబెట్టండి. ముందు వేడిచేయడం మరిచిపోతే, ఆరాక 275 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు పెట్టండి. గోంగూరలో వేసేటప్పుడు ఉప్పు తర్వాత చూసుకోండి, తునకల్లోనే చాలా ఉంటుంది.